పరదేశములో దేవుని కొలువు

దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని మనలో నొక సామెత కలదు. గుడివాకిట నిలిచి విసిగిన భక్తుడెవడో పుట్టించిన మాట యది. ఈనాడు పూజారియే మరియొక వాకిట నిలిచి వరమునకై వేచియున్నాడు. ఆ వాకిలి హైదరాబాదులోనో చెన్నపట్టణములోనో యున్న అమెరికా కాన్సలేటుది. ఆ వరము పేరు ఆర్-1 వీసా. మతసేవకై వచ్చు పరదేశీయులకు అమెరికా ప్రభుత్వము తాత్కాలికముగా నిచ్చు అనుమతి యది. వారి భార్యకు, బిడ్డలకు ఇచ్చునది ఆర్-2. ఈ చిన్న పేర్ల వెనుక నున్న సంసారముల సంగతిని ఈ సాయంకాలము మీకు విన్నవింప దలచితిని.

నేను న్యాయవాదిని కాను. నా మేనకోడలిని కృష్ణాతీరమున నొక వైఖానస కుటుంబమున నిచ్చితిమి. ఆమె భర్త 2018వ సంవత్సరమున అమెరికాలోని యొక వేంకటేశ్వరాలయమునకు అర్చకుడుగా వెళ్లెను. నాటినుండి ఆ యింటి కాగితములు చదివిపెట్టు పని నా మీద పడినది. తరువాత చుట్టుప్రక్కల అర్చక కుటుంబముల వారును తమ కాగితములు తెచ్చి చూపుచు వచ్చిరి. ఆ విధముగా చదివి, తప్పులు చేసి, దిద్దుకొని నేర్చిన విషయమిది.

మొదట ఈ చట్టమునకు పూర్వకథ కొంత కలదు. 1893లో వివేకానందస్వామి చికాగో సర్వమత మహాసభకు వెళ్లినప్పుడు ఆయనను వీసా అడిగినవారు లేరు. పరదేశీయులందరు ముందుగా వీసా పొందవలెనను నియమము అమెరికాలో మొదటి ప్రపంచయుద్ధ కాలమున వచ్చినది. అయినను మతగురువు కూలివాడా కాడా అను ప్రశ్న అంతకు ముందే పుట్టినది. 1885లో అమెరికా శాసనసభ యొక చట్టము చేసి, ముందుగా ఒప్పందము వ్రాసికొని పరదేశపు పనివారిని దిగుమతి చేసికొనరాదని నిషేధించినది. నటులకు, గాయకులకు, ఉపన్యాసకులకు అందులో మినహాయింపు కలదు గాని, మతగురువు పేరు మాత్రము లేదు. 1887లో న్యూయార్కు నగరమందలి హోలీ ట్రినిటీ చర్చివారు ఇంగ్లండు నుండి యొక గురువును ఒప్పందముపై పిలిపించుకొనిరి. ప్రభుత్వము వారిపై దావా వేసినది. క్రింది న్యాయస్థానమున చర్చి యోడినది. 1892లో సుప్రీముకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, చట్టపు మాటలలో గురువు పడినను చట్టపు తలంపులో పడడని తీర్పు చెప్పినది.

ఆ తీర్పు వెలువడి నూట ముప్పది యేండ్లు దాటినది. 1917లో ఆసియావాసుల రాకను అడ్డగించిన చట్టమున సైతము మతగురువులకును, వారి భార్యలకును, పసిపిల్లలకును మినహాయింపు నిచ్చిరి. 1924 నాటి చట్టమున, రెండు సంవత్సరములు ఎడతెగక గురుత్వము చేసినవాడు కోటా లెక్కలో చేరకయే రావచ్చుననిరి. ఈ రెండేండ్ల కొలత వేరు వేరు రూపములలో నేటికిని నిలిచియున్నది. పోగా నేడు మనమెరిగిన ఆర్-1 తరగతి 1990 నాటి వలస చట్టముచే నేర్పడినది. మన అర్చకులును, ఆంధ్రదేశమునుండి పోవు క్రైస్తవ గురువులును, కన్యాస్త్రీలును, మసీదులలో నమాజు చేయించు ఇమాములును, బౌద్ధ భిక్షువులును అందరును ఈ యొక్క ద్వారముననే పోవలసినవారు.

ఆ దేశమున మన ఆలయములు వెలసినది 1970 తరువాతి కాలమున. 1965లో వలసచట్టము సడలినపిమ్మట వైద్యులు, ఇంజనీర్లు అచ్చట స్థిరపడిరి. పిట్సుబర్గులో వేంకటేశ్వరాలయము, న్యూయార్కునందలి ఫ్లషింగులో గణపతి ఆలయము ఆ దశకముననే లేచినవి. రాతిని, ఇటుకను అచ్చటనే కొనవచ్చును. శిల్పులను కొంతకాలమునకు రప్పింపవచ్చును. కాని నిత్యారాధనకు ఆగమమెరిగిన అర్చకుడు దినదినము కావలెను. సుప్రభాతమునకు లేచువాడు, తిరుమంజనము తెలిసినవాడు, పిల్లవాని అన్నప్రాశనము మొదలు పెద్దల ఆబ్దికము వరకు మంత్రము చెప్పగలవాడు కావలెను. వైఖానస మందిరమునకు వైఖానసుడే, పాంచరాత్రమునకు పాంచరాత్రికుడే, శివాలయమునకు శైవాగమ పండితుడే తగినవాడు. అట్టి వాడు అక్కడ దొరకడు. కావున ఇక్కడినుండి పిలువవలెను.

ఇక్కడినుండి పోవుటకును కారణము లేకపోలేదు. చిన్న యూళ్లలో దేవుని మాన్యములు తరిగిపోయినవి. 1987 నాటి దేవాదాయ చట్టముచే అర్చకుల వంశపారంపర్యపు హక్కులు రద్దయినవి. సుప్రీముకోర్టు 1996లో ఆ చట్టమును సమర్థించినది. ఆ మార్పు మంచిదా చెడ్డదా యని నేనిప్పుడు వాదింపబోను. పళ్లెములో పడు చిల్లరతో పిల్లల చదువు సాగదన్నది మాత్రము అర్చకుని యింట ఎవరినడిగినను చెప్పుదురు.

ఇక చట్టము కోరునదేమో చూతము. పిలుచు ఆలయము లాభాపేక్ష లేని మతసంస్థయై, ఆదాయపు పన్ను మినహాయింపు పొందినదై యుండవలెను. పోవువాడు అదే మతశాఖలో అంతకు ముందు కనీసము రెండు సంవత్సరములు సభ్యుడై యుండవలెను. పని వారమునకు సగటున 20 గంటలకు తక్కువ కారాదు. గురువుగా గాని, మతవృత్తిలో గాని, సన్న్యాస జీవనమున గాని ఆ పని యుండవలెను. వ్రాతకోతల పని, ఊడ్పు, మరమ్మతు, చందాల వసూలు మతవృత్తి యనిపించుకొనవు. జీతమెంత, వసతి యెట్టిది, భోజనమెవరిదని ముందే వ్రాయవలెను. 2008 నవంబరులో వచ్చిన నియమములతో, ఆలయమే మొదట ఐ-129 అను పిటీషను దాఖలు చేయవలసి వచ్చినది. అధికారులు చెప్పకయే వచ్చి ఆలయమును తనిఖీ చేయవచ్చును. అంతకు ముందు కొందరు లేని సంస్థల పేర, చేయని పనుల పేర వీసాలు పొందిరను అపవాదు వచ్చుటయే ఈ కట్టుదిట్టములకు కారణము. దొంగ యొకడు వచ్చి పోయినచో నూరిండ్లకు తాళములు పడును గదా!

ఈ కోరికలలో మనవారికి చిక్కు తెచ్చునది ‘గురువు’ అను మాటకు చెప్పవలసిన ఋజువు. క్రైస్తవ గురువునకు సెమినరీ కలదు, అభిషేకపు తేదీ కలదు, బిషప్పు సంతకము కలదు. మా అల్లుడు తన తండ్రి ప్రక్కన కూర్చుండి నేర్చినవాడు. వైఖానసులు తమను గర్భవైష్ణవులని చెప్పుకొందురు. తల్లి గర్భమున నుండగనే జరుగు విష్ణుబలి వలన బిడ్డ వైష్ణవుడగునని వారి సంప్రదాయము. దానికి పట్టా యేది? ఏ తేదీన గురువైతివని అడిగిన, పుట్టుటకు ముందే యైతినని కాగితముపై నెట్లు వ్రాయుట?

అదృష్టవశమున చట్టము ఇచ్చట మొండిగా లేదు. ఏ శాఖలో కళాశాల చదువు విధింపబడలేదో, ఆ శాఖ తన గురువులకు విధించిన అర్హతలేవి, నేర్చుకొను క్రమమేది, ఆ క్రమమును ఇతడు పూర్తిచేసెనా యని ఋజువు చూపిన చాలును. మేము పెద్దల చేత ఆ క్రమమును వివరముగా వ్రాయించితిమి. ఉపనయనమెప్పుడు, వేదభాగములేవి, ఆగమము ఎవరివద్ద, స్వతంత్రముగా ఆరాధన చేయుట ఎప్పుడు, ఏ యేటి బ్రహ్మోత్సవమున ఆచార్యత్వము వహించెను, అన్నియు వరుసగా వ్రాసితిమి. అప్పటి వరకు ఆ కుటుంబమున నెవ్వరును తమ విద్యను కాగితముపై పెట్టియుండలేదు. ఆ వ్రాత చదివి వృద్ధుడగు వియ్యంకుడు, “ఇంత చదివినామా మనము!” అని యాశ్చర్యపడెను. వీసా మాట యటుండగా, ఆ కాగితము వలన ఆ యింటికి గలిగిన గౌరవము చిన్నది కాదు.

వీసా వచ్చినది. ఇక అచ్చటి జీవితము. ఆర్-1 వీసా అర్చకునకు ఇచ్చినదైనను, దాని త్రాడు పిలిచిన ఆలయపు చేతిలో నుండును. వేరొక ఆలయమున పని చేయవలెనన్న ఆ రెండవ ఆలయము క్రొత్త పిటీషను వేసి, అది మంజూరైన పిదపనే చేరవలెను. అర్చకుడు పని మానినను, మాన్పింపబడినను, గంటలు తగ్గినను ఆలయము 14 దినములలో ప్రభుత్వమునకు తెలుపవలెను. కమిటీవారితో మాటపట్టింపు వచ్చినచో మన యూళ్లలో అర్చకుడు అలిగి ఇంట కూర్చుండును; నలుగురు పెద్దలు వచ్చి బ్రతిమాలుదురు. అక్కడ అలుకకు చోటు లేదు.

దక్షిణ మరియొక సంగతి. ఆ చట్టమున జీతమను మాట కలదు గాని దక్షిణ యను మాటకు తావు లేదు. భక్తుని యింట సత్యనారాయణవ్రతము చేయించి పుచ్చుకొను తాంబూలములోని సొమ్ము ఎవరిది? ఆలయము పంపగా పోయి, ఆలయపు లెక్కలో వ్రాయించి, ఒప్పందము ప్రకారము పొందినచో చిక్కు లేదు. తానై కుదుర్చుకొని సొమ్ము పుచ్చుకొన్నచో, అనుమతి లేని పని చేసినవాడగును. ఇది తెలియక మంచివారు సైతము ఇబ్బందిలో పడుదురు. భక్తులు ప్రేమతో ఇచ్చినదే యైనను, ప్రేమకు రసీదు కావలెను.

అర్చకుని కంటె అతని భార్య పరిస్థితి కఠినము. ఆర్-2 పై వచ్చినవారు చదువుకొనవచ్చును గాని, ఉద్యోగము చేయరాదు. నా మేనకోడలు ఇక్కడ వీణ నేర్పి నెలకు కొంత సంపాదించుచుండెడిది. అచ్చట ఆలయపు పిల్లలకు ఆదివారము ఉచితముగా నేర్పుచున్నది. ఒకనాడు ఒక పిల్ల తల్లి, వలదన్నను వినక, కవరులో కొంత డబ్బు పెట్టి వీణప్రక్కన నుంచి పోయెను. మేనకోడలు ఆ కవరును విప్పకయే హుండీలో వేసెను. ఆ రాత్రి టెలిఫోనులో నాతో, “మామయ్యా, నా చేతులతో నేను సంపాదించిన డబ్బు నాదని చెప్పుకోవడానికి లేదు. స్వామివారికి వేశాను; ఆయనకు వీసా అక్కరలేదు కదా” అనినది. నవ్వుచునే అనినది. నాకు మాత్రము నవ్వు రాలేదు.

గడువు సంగతి వినుడు. మొదట 30 నెలలకు మించని అనుమతి ఇత్తురు. పిమ్మట మరి 30 నెలలు పొడిగింతురు. మొత్తము 5 సంవత్సరములు. ఈలోపల శాశ్వత నివాసమునకు వేరొక త్రోవ కలదు. రెండు సంవత్సరములు పూర్తికాలము పనిచేసినవాని కొరకు ఆలయము మరియొక పిటీషను వేయవచ్చును. అక్కడ వారమునకు 20 గంటలు చాలవు, 35 గంటలు కావలెను. ఆ వరుసకు ఏటేట సుమారు 10,000 అనుమతులే కలవు. మతసేవకులే గాక ఇతర తరగతులవారును అందులో పాలు పంచుకొందురు. 2023 మార్చిలో అమెరికా ప్రభుత్వము ఆ లెక్క కట్టు విధానమును మార్చి, మధ్య అమెరికా దేశములు కొన్నిటి నుండి వచ్చి వేరు వరుసలో నున్నవారిని ఈ వరుసలోనే కలిపినది. దానితో 2018 సెప్టెంబరుకు పూర్వము పిటీషను వేసినవారికే వంతు అని తేలినది. 5 సంవత్సరముల గడువు గలవానికి అంతకు మించిన నిరీక్షణ! ఊట బావి చేరులోపల చేద త్రాడు తెగినట్లయినది.

మా అల్లుని గడువు 2023 సెప్టెంబరుతో తీరినది. నాటి నియమము ప్రకారము ఒక సంవత్సరము దేశము వెలుపల నుండి గాని తిరిగి రాగూడదు. కాపురమంతయు నాలుగు పెట్టెలలో సర్దుకొని వచ్చిరి. అచ్చటి ఆలయమున ఆ సంవత్సరము ఉన్న ఒక్క అర్చకుడే మూడు పూటలు గర్భగుడిలో నిలువబడెను. ఇచ్చట నా మనుమరాలు, పదునారేండ్ల పిల్ల, ఇంటర్మీడియేటులో చేరబోగా అప్పటికి పాఠములు మొదలై మూడు నెలలు గడచినవి. తెలుగు మాటలాడును గాని వేగముగా వ్రాయలేదు. కళాశాలలో ‘అమెరికా పిల్ల’ అనిరి. అమెరికాలో ఆమెను ‘ఇండియా పిల్ల’ అనెడివారు. ఒక్క యేడాదిలో రెండు పేర్లు మోయవలసి వచ్చినది. 2024 చివర క్రొత్త పిటీషనుతో వారు తిరిగి వెళ్లిరి.

ఈ బాధ ఒక్క మనవారిదే కాదు. 2024 ఆగస్టులో న్యూజెర్సీయందలి పాటర్సన్ కథోలిక మేత్రాసనమును, అయిదుగురు గురువులును ఈ వరుస విషయమై ప్రభుత్వముపై దావా వేసిరి. 2025లో అమెరికా శాసనసభలో ఉభయపక్షముల వారును కలిసి, నిరీక్షించువారి గడువును పొడిగింప వలెనని ఒక బిల్లు ప్రవేశపెట్టిరి. 2026 జనవరిలో ప్రభుత్వము మధ్యంతర నియమమొకటి ప్రకటించి, ఒక సంవత్సరము వెలుపల నుండవలెనను షరతును తీసివేసినది. 5 సంవత్సరములు తీరిన పిమ్మట దేశము విడిచి పోవలసినదే. కాని యేడాది కాచుకొనకయే తిరిగి వచ్చుటకు కోరవచ్చును. ఆ మాట విని మా యింట దీపము పెట్టినంత సంతోషించితిమి. దేవుడొకడేయైన వాకిళ్లు వేరనుకొనువారు సైతము, ఈ వరుసలో నిలిచి ఒకరి కొరకొకరు వాదించుట నాకు గొప్పగా తోచినది.

అయినను పిల్లల వయస్సు ఆగదు. ఆర్-2 అవివాహితులై 21 సంవత్సరములు నిండని బిడ్డలకే చెల్లును. మా మనుమరాలికి 2028లో 21 నిండును. అంతలో శాశ్వతానుమతి వంతు రాకున్నచో, తల్లిదండ్రుల నీడన ఆమెకు చోటు లేదు. విద్యార్థినిగా వేరు వీసా తెచ్చుకొనవలెను. లేదా తిరిగి రావలెను. బిడ్డల వయస్సును కొంత తగ్గించి లెక్కించు చట్టము 2002లో వచ్చినది గాని, అది పిటీషను విచారణలో గడచిన కాలమునే తీసివేయును. వరుసలో నిలిచిన కాలమును తీసివేయదు. పుట్టినరోజునాడు తండ్రి ఆమె పేర అర్చన చేయును. ఆ సంకల్పములో ఆయువు కోరునప్పుడు తన గొంతు తడబడుచున్నదని మా అల్లుడు నాతో చెప్పెను. ఏ తండ్రికిని బిడ్డకు ఒక యేడు పెరిగినదని భయము కలుగకుండుగాక!

ఆలయముల వారికిని ఒక మాట చెప్పవలెను. 2021 మే నెలలో న్యూజెర్సీయందు ఒక మహాలయ నిర్మాణమున పనిచేసిన భారతీయ కార్మికులు కొందరు, తమను ఆర్-1 వీసాపై తెచ్చి, గంటకు సుమారు ఒక డాలరు చొప్పున నిచ్చి రాతిపని చేయించిరని ఆరోపించి దావా వేసిరి. ఆ సంస్థవారు ఆ యారోపణలను నిరాకరించిరి; ప్రభుత్వపు దర్యాప్తు అభియోగములు లేకయే ముగిసినదని 2025లో ప్రకటించిరి. తప్పొప్పులు తేల్చుటకు నేనెవడను? కాని సేవయేది, కూలియేది అను ప్రశ్న నాడు లోకమంతట వినబడినది. సేవ యనునది చేయువాడు తనంతట చెప్పుకొనవలసిన మాట. చేయించుకొనువాడు దానిని జీతమునకు బదులు చెప్పిన, అది వేరొక మాటయగును.

పోదలచిన యువకులకు నా అనుభవమునుండి కొన్ని సూచనలు. మీ విద్యాక్రమమును గురువు బ్రతికియుండగనే వ్రాయించి సంతకము పొందుడు. జీతము, వసతి, సెలవులు, తిరుగు ప్రయాణపు ఖర్చు వ్రాతలో లేక సంతకము చేయకుడు. పాసుపోర్టును ఇతరుల చేత నుంచకుడు, అది మీది. పొడిగింపు సంగతి గడువుకు ఆరు నెలల ముందే కమిటీవారికి గుర్తుచేయుడు. కార్యదర్శులు మారుదురు, తేదీలు మారవు. రెండేండ్లు నిండగనే శాశ్వత నివాసపు పిటీషను మాట యెత్తుడు. అన్నిటికంటె ముఖ్యముగా, బయలుదేరుటకు ముందు బిడ్డల వయస్సులను, ఈ గడువులను ఒక కాగితముపై ప్రక్కప్రక్కన వ్రాసికొని, భార్యతో కూర్చుండి చదువుకొనుడు. ఆమె తన పని మానుకొని వచ్చుచున్నది. ఆ త్యాగమును తెలిసి చేయుట వేరు, తెలియక చేయుట వేరు.

అచ్చటి భక్తులకును నా విన్నపమొకటి. గర్భగుడి యెదుట హారతి కన్నులకద్దుకొనునప్పుడు, ఆ పళ్లెము పట్టిన చేతికి వెనుక ఒక సంసారమున్నదని తలపుడు. మీలో పెక్కురు ఒకనాడు వీసా కాగితములు చేతబట్టుకొని రేపేమగునో యని నిద్రలేక గడపినవారే. ఆ రాత్రులను మరువకున్నచో, మీ అర్చకుని పిటీషను బల్లమీద పడి యుండనీయరు.

సామెతను కొద్దిగా దిద్దుకొందము. దేవుడు వరమిచ్చినాడు, పూజారియు ఇచ్చినాడు. ఇక ఇవ్వవలసినది మనము. సెలవు.